సంతకానికి ముందు అచ్చియ్యమ్మ గారు

ప్రింటరులోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. ఇస్త్రీ పెట్టె కిందినుంచి తీసిన నూలు బట్ట వాసనకు దగ్గరగా, కాస్త చేదుగా ఉంటుంది. గత బుధవారం మధ్యాహ్నం, మలేషియాలోని సైబర్‌జయలో మా ఇంటికి దగ్గరగా ఉన్న పోలీసు స్టేషన్‌లో ఆ వాసన తగిలినప్పుడు నా పక్కన మా అమ్మాయి నిత్య చేతిలో కలంతో కూర్చుని ఉంది. బయట వాన పడుతోంది. కౌంటరు వెనక ఉన్న కానిస్టేబుల్ పాతికేళ్లు దాటని కుర్రవాడు, మర్యాదస్థుడు. కాగితాన్ని మా వైపు తిప్పి, "చదువుకుని సంతకం చెయ్యండి, పువాన్" అని, అంటే అమ్మా అని, మలయ్ భాషలో చెప్పి, మాకు తొందర కలగకూడదన్నట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

విషయం చిన్నదని అనేవాళ్లు అంటారు. సోమవారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద, మాకు కేటాయించిన చోట ఒకాయన తన కారు నిలిపాడు. తీయమని నిత్య అడిగింది. ఆయన దిగి దగ్గరకొచ్చి, నిత్యను 'కెలింగ్' అన్నాడు; ఇక్కడ మన జాతివాళ్లను కించపరిచే మాట అది. మీ తాతలు ఎక్కొచ్చిన పడవే ఎక్కి ఇండియాకు పో అన్నాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు, కారు తీసుకుని వెళ్లిపోయాడు. నిత్య ఈ దేశంలో పుట్టింది. నేనూ ఇక్కడే పుట్టాను. మా అమ్మ ఇక్కడి రబ్బరు తోటలో పుట్టింది. ఇదంతా నిత్య పైకి వచ్చి చెప్పినప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట "వదిలెయ్". ఆ మనిషి మాకు రెండంతస్తుల కింద ఉంటాడు. రోజూ అదే లిఫ్టు ఎక్కాలి. మనం రిపోర్టు ఇస్తే అతడూ మన మీద ఒకటి ఇస్తాడు; ఇక్కడ అది వాడుక. నిత్య ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ కారణాలన్నీ వరసగా చెప్పాను. అది విన్నది, మర్నాడు మామూలుగా ఉద్యోగానికి వెళ్లింది, బుధవారం సెలవు పెట్టి కారు తాళాలు తీసుకుంది. నేను వెంట వెళ్లాను.

కౌంటరు మీది కాగితాన్ని పై నుంచి కిందికి చదివాను. పార్కింగ్ స్థలం విషయమై ఇరువురి మధ్య మాటామాటా పెరిగినట్టూ, అవతలి వ్యక్తి అసభ్య పదాలు వాడినట్టూ అందులో ఉంది. చివర మా కారు గురించి ఒక వాక్యం ఉంది. ఆ మాట లేదు. పడవ లేదు. ఇండియా లేదు. చదివి ముగించగానే నాకు గుండె తేలికపడింది. ఇది ఎవరికీ పెద్దగా కోపం తెప్పించని కాగితం. దీనిమీద సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. అంతలో ఆ వేడి కాగితం వాసన నన్ను పినాంగులో, జార్జ్ టౌన్‌లోని ఒక మేడమీది గదికి తీసుకుపోయింది, అచ్చియ్యమ్మ గారి ముందు కూర్చోబెట్టింది.

అచ్చియ్యమ్మ గారు నాకు చుట్టం కాదు. ఆవిడ బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో పుట్టి, తోట బడిలో చదివి, పెళ్లై పినాంగు వచ్చి, అక్కడి కోర్టులో దుబాసీగా పనిచేసి రిటైరయ్యారు. తెలుగు, తమిళం, మలయ్, ఇంగ్లీషు నాలుగూ ఆవిడకు ఒకే ఇంట్లోని నాలుగు గదుల్లాంటివి. ఎందులోనైనా తడుముకోకుండా నడిచేవారు. అప్పట్లో నేను ఓ షిప్పింగ్ కంపెనీలో లెక్కల గుమస్తాను. రిటైరయ్యాక ఆవిడ, మనవాళ్ల సంఘం ఒకటి ఇచ్చిన గదిలో, ఊదొత్తుల దుకాణం పైన, స్టేషన్‌కు వెళ్లడానికి భయపడేవాళ్లకు తోడు వెళ్లే పని పెట్టుకున్నారు. అంకెలు తెలిసిన మనిషి కావాలని ఎవరో చెబితే శనివారాలు నేను వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడకు నేను లచ్చిని. పొట్టి మనిషి, తెల్లచీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. ఆవిడ గొంతు మాత్రం కోర్టు హాలుకు అలవాటుపడినది. ఆ చిన్న గదిలో మామూలుగా మాట్లాడినా కింద దుకాణంలోకి వినిపించేది.

నేను చేరిన కొత్తలోనే సన్నాసి అనే లారీ డ్రైవరు వచ్చాడు. ఒక గోడౌన్ సూపర్‌వైజరు అతని సరుకు కాగితాలు నేలమీదికి విసిరి, ఆ మాట అని, నీ జాతివాళ్లు ఈ బల్లమీద కూర్చోకూడదని లేపేశాడట. అతడు అప్పటికే స్టేషన్‌కు వెళ్లి రిపోర్టు ఇచ్చి, దాని నకలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. అచ్చియ్యమ్మ గారు ఆ నకలు నాకిచ్చి, "లచ్చీ, ఇది మన బాసలోకి మార్సి ఇతనికి ఇనిపించు" అన్నారు. సరుకు చేరవేతలో ఆలస్యం గురించి వాదన జరిగిందనీ, అసభ్య పదాలు వాడబడ్డాయనీ నేను చదివాను. సన్నాసి తల పక్కకు వంచి, శ్రద్ధగా, చివరిదాకా విన్నాడు.

"ఇది నా గొడవ కాదమ్మా. ఇదెవుడి కాగితం?" అన్నాడు.

"నీదే నాయినా. అడుగున సంతకం నీదే కదేటి?"

"సంతకం నాదే లా," అన్నాడు, ఇక్కడి అలవాటు చొప్పున మాట చివర ఆ 'లా' తగిలించి. "గొడవే మరెవుడిదో."

అచ్చియ్యమ్మ గారు నవ్వారు, అతడూ నవ్వాడు. ఆ తర్వాత ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని నాకు చెప్పిన సంగతి ఇది: స్టేషన్‌లో కూర్చునేవాడు చెడ్డవాడు కానక్కర్లేదు. అతని ముందు మనుషులు వరసలో ఉంటారు. ఎవరు వచ్చి ఏ తిట్టు చెప్పినా వేళ్లకు అలవాటైన ఒక మాట ఉంటుంది, 'కాతా-కాతా కెసాత్', అంటే మొరటు మాటలని. అమ్మను తిట్టినా అదే, అప్పు విషయంలో తిట్టినా అదే, జాతిని తిట్టినా అదే. "కోర్టులో సాచ్చి బూతు మాటాడితే నాను బూతే సెప్పినాను. జడ్జీ దొర ముకం సూసి మెత్తగా సేసినానా? దుబాసీ మెత్తన సేస్తే సాచ్చి అబద్దం సెప్పినట్టయిపోతాది." అందుకే ఆ రోజునుంచి ఆ గదిలో ఒక పద్ధతి పెట్టారు. ఎవరి రిపోర్టైనా సరే, సంతకానికి ముందు వాళ్ల ఇంటి భాషలోకి తిప్పి, పైకి చదివి, వాళ్ల చెవికి వినిపించాలి. కంటికి తెలియని లోటు చెవికి తెలుస్తుందని ఆవిడ నమ్మకం.

సన్నాసిని వెంటబెట్టుకుని మేమిద్దరం అదే స్టేషన్‌కు మళ్లీ వెళ్లాం. కౌంటరు దగ్గర తల నెరిసిన సార్జెంటు ఉన్నాడు. ఆయనకు అచ్చియ్యమ్మ గారు కోర్టు రోజుల నుంచీ తెలుసు; కాక్ అని, అంటే అక్కా అని, పిలిచాడు. టీ తెప్పించబోయాడు. విషయం విన్నాక మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "అది పాత మాట లా, కాక్. తిట్టు కాదు. కళింగం అని ఒక దేశం ఉండేదట, దాని పేరు. మీ పెద్దవాళ్లు అక్కడివాళ్లే కదా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నచ్చజెప్పే ధోరణిలోనే. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"అవును, మా తాత ఆ సముద్రపు ఒడ్డువాడే," అన్నారు అచ్చియ్యమ్మ గారు మలయ్‌లో, అంతే నెమ్మదిగా. "మంచి మాటైతే టైపు చెయ్యడానికి నీకు అడ్డమేముంది తమ్ముడూ? టైపు చెయ్యకూడని మాటైతే, మరి అందుకే కదా టైపు చెయ్యమంటున్నాను."

 సార్జెంటు కుర్చీ ముందుకు లాక్కుని అనుబంధ రిపోర్టు టైపు చేశాడు. ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాడు. ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది, నేను దాన్ని అక్కడే, నలుగురి ముందూ, తెలుగులో చదివాను. సన్నాసి ఈసారి తల ఊపి, "ఆ. ఇది నాదే" అన్నాడు.

ఆ ఏడాది చివర, గదికి వచ్చిన రిపోర్టుల నకళ్లన్నీ విడదీసి, జాతి దూషణ ఉన్నవి ఎన్ని, నిరుడు ఎన్ని, అంతకుముందు ఎన్ని అని నేనొక పట్టిక వేశాను. గ్రాఫు కాగితం మీద గీత కూడా గీశాను. అంతకుముందు మూడేళ్ల గీత కిందికి దిగుతూ ఉంది. సన్నాసి వచ్చిన ఏడాది దగ్గర ఒక్కసారిగా నిలువుగా లేచింది. లెక్క సరిపోయిందని నాకు తృప్తి, ఆ గీత చూస్తే దిగులు. సంఘం పెద్ద రామానాయుడు గారికి చూపించాను. ఆయన చదివినకొద్దీ ముఖం మారింది.

"ఏటి పెద్దమ్మా ఇది? గీత ఇలాగ మీదకి ఎల్లిపోతే పేపరోళ్లు ఊరుకుంటారా? పినాంగులో మనకి బతుకే లేదంటారు లా. నిన్నటిదాకా లేని గొడవలు మీరు రాయించినాకే వచ్చినాయా?"

ఆవిడ దెబ్బకు దెబ్బ అంటారని ఎదురుచూశాను. అనలేదు. గ్రాఫును తన వైపు తిప్పుకుని వేలితో ఆ దిగే గీత మీద నడిచారు. "లచ్చీ, ఈ మూడేళ్లూ తగ్గినాది తిట్టా, రాతా?" అని అడిగారు. ఆ మూడేళ్ల నకళ్లు మళ్లీ తీయించారు. అసభ్య పదాలు అని మాత్రమే ఉన్నవాటిని పక్కన పెడితే ఆ దొంతరే పెద్దదయింది. వాటిలో దేని వెనక ఏముందో చెప్పగలవాళ్లు ఇప్పుడు మా ఎదుట లేరు. లేచిన గీతలోనూ తప్పు దొరికింది. ఒక గొడవకు ఇటువాడు ఒక రిపోర్టు, అటువాడు ఒక రిపోర్టు ఇచ్చిన చోట నేను రెండుగా లెక్కపెట్టాను. "పెరిగినాదా అంటే నాకు తెలవదు రామానాయుడూ. తగ్గినాదా అన్నా తెలవదు. నిరుడు రాయించనేదు, ఈ ఏడు రాయించినాం. మనుసులు మారినారో నేదో ఈ గీత సెప్పదు. తెలవదని రాయించుతాను, సాలా?" రామానాయుడు గారికి అది చాలలేదు. అయినా ఆవిడ నాచేత గీత అడుగున ఒక వాక్యం రాయించారు: ఈ గీత జరిగినవాటిని చూపదు, రాయించినవాటిని చూపుతుంది. అంకెలతో బతుకుతున్న నేను, అంకె ఎక్కడ ఆగిపోవాలో అంత స్పష్టంగా విన్నది అదే మొదలు. ఇవాళ పేపరులో ఇలాంటి సంఘటనలు ఇంత పెరిగాయనో తగ్గాయనో చదివినప్పుడు, టైపు చేసిన వేళ్లు ఎవరివా అని ఆగుతాను.

కొన్ని వారాలకు, భయపడినదే జరిగింది. గోడౌన్ సూపర్‌వైజరు అచ్చియ్యమ్మ గారి మీద రిపోర్టు ఇచ్చాడు. సన్నాసి సంగతి ఆవిడ అతని గోడౌనుకు వెళ్లి అడిగిన మాట నిజమే. దాన్ని జాతుల మధ్య చిచ్చు పెట్టడానికి వచ్చారని రాయించాడు. మా దేశంలో ఆ ఆరోపణ తేలికైనది కాదు. వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మని కబురొచ్చింది. ఆ ఉదయం నేను ఆవిడ ఇంటికి వెళ్లేసరికి చీర కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ప్లేటులో ఇడ్లీ ముట్టుకోకుండా ఉంది. దారిలో సంచి తెరిచి గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకున్నారు, మూశారు, మళ్లీ తెరిచారు. స్టేషన్ మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. భయం లేని మనిషని అంతవరకూ అనుకున్నాను. ఆ చల్లదనం తెలిశాక నా భయం రెట్టింపైంది.

"పెద్దమ్మా, కొంచెం మంచినీళ్లు తాగుతారా?"

"వొద్దే. తాగితే మజ్జెలో లెగాల. లెగిస్తే పారిపోతన్నానని రాసుకుంటాడు" అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గానీ నవ్వు రాలేదు.

లోపల ఆవిడ చెప్పినదంతా ఒక యువ అధికారి టైపు చేశాడు. కాగితం వచ్చింది. ఆవిడకు నాలుగు భాషలొచ్చు, ఆ మలయ్‌ను నాకన్నా బాగా చదవగలరు. అయినా కాగితం నాకే ఇచ్చి, "సదువు" అన్నారు. కళ్లు మూసుకుని విన్నారు. సూపర్‌వైజరు తనను బెదిరించాడన్న వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"బెదిరించనేదు. గొంతు పెంచినాడు, అంతే. అది తీయించు."

అధికారి ఫోనులో ఉన్నాడు. నేను ఆవిడ చెవి దగ్గర వంగి, అది మనకు మంచిదే కదా, ఆ అధికారి అర్థం చేసుకున్నట్టే ఉండనివ్వండని బతిమాలాను. ఆ ఒక్క వాక్యం ఆవిడను కాపాడుతుందని నాకు ఖాయంగా అనిపించింది.

ఆవిడ కళ్లు తెరిచారు. "మనకి మంచిదని ఇది మనం ఉంచితే, ఆల్లకి మంచిదని ఆ మాట ఆల్లు తీసినదానికీ దీనికీ తేడా ఏటే లచ్చీ?"

వాక్యం తీసేశారు. కొత్త కాగితం మీద ఆవిడ సంతకం పెట్టారు. ఆ ఫైలు ఏమైందో మాకు ఎవరూ చెప్పలేదు. తదుపరి చర్య లేదని ఉత్తరం వస్తుందని నెలల తరబడి చూశాం, రాలేదు. గేటు దగ్గర మోటారు సైకిలు ఆగినప్పుడల్లా ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్లేవారు. సంఘం గది వెనక్కి తీసుకుంది. సన్నాసి వేరే రూటుకు మారిపోయాడు. అచ్చియ్యమ్మ గారు మాత్రం తన వంటింటి బల్ల దగ్గర, వచ్చినవాళ్లకు కాగితాలు చదివి వినిపించడం మానలేదు. ఉత్తరం రాకుండానే, ఒక వానాకాలంలో, నిద్రలో పోయారు. నేను పెళ్లై, నిత్య పుట్టి, ఉద్యోగం మారి దక్షిణానికి వచ్చేశాను. నిత్యకు ఆవిడ పేరు తప్ప ఏమీ తెలియదు. దాని తెలుగు కూడా అంతంతమాత్రం. వింటే తెలుస్తుంది, మాట్లాడితే మూడు భాషలు కలిసిపోతాయి.

ఆ నిత్య ఇప్పుడు కలం మూత తీసింది.

"ఉండు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సంతకానికి ముందు నేనొకసారి మన భాషలో చదువుతాను. విను."

"ఇక్కడా? అందరూ చూస్తారు లా, అమ్మా."

నిజమే, చూశారు. వెనక బెంచీ మీద హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న ఒకాయన, బిడ్డతో ఉన్న ఒకావిడ తలెత్తారు. తెలుగు ఈ గదిలో ఎప్పుడైనా వినిపించి ఉంటుందా అనుకున్నాను. పార్కింగ్ స్థలం విషయమై అని మొదలుపెట్టాను. మాటామాటా పెరిగి అన్నాను. అసభ్య పదాలు అన్నాను. నిత్య కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ మాట ఏది? బోటు ఏది?" అంది. "అమ్మా, ఇది నాకు జరిగింది కాదు."

లిఫ్టు గుర్తొచ్చింది. రెండంతస్తుల కింది తలుపు, నిత్య పర్మనెంటు కాని ఉద్యోగం గుర్తొచ్చాయి. ఎన్నో ఏళ్లుగా రాని ఒక ఉత్తరం గుర్తొచ్చింది. వద్దని చెప్పడానికి నాకు ఆఖరి అవకాశం అదే. నేను చెప్పలేదు. నిత్య కానిస్టేబుల్ వైపు తిరిగి, ఆ మాటా ఆ వాక్యమూ అన్నవి అన్నట్టే రాయమని మలయ్‌లో అడిగింది.  అతడు మళ్లీ టైపు చెయ్యడానికి చేతులు ముందుకు చాపాడు.

"ఇంకొకటి ఉంది," అన్నాను నేను.

కాగితం చివర, ఆ మనిషి మా కారును చేత్తో కొట్టాడని ఉంది. అది నిత్య చెప్పినది కాదు. తను చెబుతూ ఆగినప్పుడు, కంగారులో, బరువుంటుందని నేను మధ్యలో అందించిన మాట. కానిస్టేబుల్ అలాగే టైపు చేశాడు. ఆ వాక్యం అలా ఉంటే నా కూతురు కాగితానికి బలం. రేపు ఆ మనిషి ఎదురు రిపోర్టు ఇస్తే మాకు అండ. నా చేతులు చల్లబడ్డాయి.

"అతడు కారును కొట్టలేదు," అని కానిస్టేబుల్‌తో చెప్పాను. "చెయ్యి ఎత్తాడు, దించాడు. అది నా పొరపాటు. తీసెయ్యండి, దయచేసి."

నిత్య నన్ను చూసింది. కానిస్టేబుల్ ఆ వాక్యం చెరిపాడు. తర్వాత ప్రింటరు మూలిగి, రెండో కాగితాన్ని బయటికి తోసింది. అదే వేడి, అదే చేదు వాసన. కానిస్టేబుల్ దాన్ని నిత్య ముందు పెట్టాడు. నిత్య మలయ్ నాకన్నా వేగంగా చదువుతుంది. కాని కలం కింద పెట్టి, కాగితాన్ని నా వైపు జరిపింది.

"మళ్లీ చదువమ్మా," అంది తెలుగులో. "మెల్లగా."